వెంట పోయినాయన

గుండ్లకమ్మ ఒక్క కార్తెలోనే రెండుసార్లు పొంగిన ఏడు అది. అప్పటికి రాజధాని కర్నూలే. మార్కాపురం బయట కొత్తగా పెట్టిన కాలేజీకి ఆ ఏడు క్రిస్మస్ సెలవులు పది రోజులు వచ్చాయి. గురువారం మధ్యాహ్నం ఆఖరి గంట కొట్టింది వాచ్‌మన్ సామ్యేలు. కాలేజీ మొత్తం మీద క్రిస్మస్ ఉన్నవాడు అతనొక్కడే. సెలవు లేనివాడూ అతనొక్కడే.

పిల్లలు ట్రంకుపెట్టెలు నెత్తిన పెట్టుకుని దర్శి బస్సుకు కొందరు, కనిగిరి బస్సుకు కొందరు, గిద్దలూరు రైలుకు కొందరు పోయారు. మేష్టర్లు జట్కాల్లో పోయారు. తోటమాలి కూడా కూతురి ఊరికి పోయాడు. పొద్దు వాలేసరికి మిగిలింది సామ్యేలూ, హెడ్ గుమాస్తా బాలయ్యా. బాలయ్య కూడా మ్యూజియం గదికి సీలు వేసి ఊళ్లోకి పోవాలని తొందరపడుతున్నాడు.

మొన్నటిదాకా అది విరిగిన బెంచీలు పడేసే గది. హిస్టరీ మేష్టారు దాన్ని ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, మూడు నెలలుగా అందులో వస్తువులు చేర్చాడు. చెంచుల విల్లు, ఎవరో పెద్దాయన ఇచ్చిన చిరుతపులి తోలు, ఏటి గట్టున ఏరిన రాతి గొడ్డళ్లు, పాత నాణేలు, పలకల కార్ఖానావాళ్లు ఇచ్చిన మనిషెత్తు పలక. జనవరి మూడో తేదీన కర్నూలు నుంచి పెద్దాఫీసరు వచ్చి రిబ్బను కత్తిరించాలి. అందాకా ఎవరి కన్నూ పడకూడదు.

సామ్యేలు కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డాడు. బాలయ్య లక్క కడ్డీని మంటలో తిప్పి, తాళానికీ గొళ్లేనికీ కలిపి కట్టిన టేపు ముడి మీద బొట్లు బొట్లుగా రాల్చాడు. ఇత్తడి ముద్ర నొక్కి, పట్టి ఉంచి, నెమ్మదిగా లేపాడు. ఎర్రగా, గుండ్రంగా, అక్షరాలు తేలి ముద్ర పడింది. ఉఫ్ అని ఊదాడు.

"చూసినావు గదా సామ్యేలూ. ఇది ఇప్పుడు తలుపు కాదు. గోడ అనుకో."

సామ్యేలు తల ఊపాడు.

"తాళంచెవి నీకాడ ఎందుకు పెడతా ఉన్నానంటే, అగ్గి పడితేనో, పైకప్పు కారితేనో. ఈ రెండూ కాకుండా సీలు పగిలిందా, నీ పర్మనెంటు కాగితం నా సొరుగులోనే చిరిగిపోతుంది. ఆరేండ్ల సర్వీసు. పోగొట్టుకోవాకు."

"అట్లనే సార్."

"గేటు దాటి పోవాకు. చర్చికి గిర్చికి అని పోయినావంటే ఆ గంటలోనే దొంగలు పడతారు. నీకేం, ఇంటికాడ ఎదురు చూసేవాళ్లు ఎవురూ లేరు గదా."

అది ఎత్తిపొడుపు కాదు. ఉన్న సంగతి ఉన్నట్టు అన్నాడు. సామ్యేలు కూడా అలాగే విన్నాడు. బాలయ్య సైకిలెక్కి పోయాడు. సైకిలు చప్పుడు రోడ్డెక్కేదాకా వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు.

సామ్యేలు వరండాలు ఊడ్చాడు. పది క్లాసుగదుల కిటికీలు మూశాడు. ఒక గదిలో ఎవరో మరిచిపోయిన సిరాబుడ్డి ఉంటే బిరడా బిగించి మేష్టారి బల్ల మీద పెట్టాడు. బావి దగ్గరికి పోయి తాడు చేతిలోకి తీసుకున్నాడు.

సెలవుల్లో అతనికి ఉన్న సుఖం అదే. మామూలు రోజుల్లో ఆ తాడు అతను ముట్టడు. ముట్టొద్దని ఎవరూ నోటితో చెప్పలేదు. అతను మాలపల్లెలో పుట్టినవాడు, బావి అందరిది, కనుక తోటమాలి చేది పోసేదాకా కడవ పక్కన పెట్టుకుని నిలబడేవాడు. తోటమాలి మరిచిపోతే ఒక్కోరోజు మిట్టమధ్యాహ్నం దాకా నిలబడేవాడు. సెలవుల్లో పోసేవాడు ఉండడు కనుక చేదుకునేవాడు. ఆ సాయంత్రం మూడు బక్కెట్లు చేదాడు. ఒకటి తాగడానికి, ఒకటి స్నానానికి. మూడోది అవసరం లేకపోయినా చేదాడు. దాన్ని క్రోటను మొక్కలకు పోశాడు.

*

శుక్రవారం పొద్దున మేక అరుపుకు బయటికి వచ్చాడు. గేటు లోపల ఒక ముసలామె నిలబడి ఉంది. అరవై దాటి ఉంటాయి. మోకాళ్లదాకా దుమ్ము. నెత్తిన గంప, గంపలో మేకపిల్ల, చేతిలో తాడు, తాడుకు తల్లిమేక.

"ఏమయ్యో, కాలేజీవాళ్లు యాడుంటారు?"

"సెలవులమ్మా."

"సెలవులంటే?"

"ఎవురూ ఉండరు."

"నువ్వుండావు గదా."

ఆమె గంప దించుకుని వరండా మెట్టు మీద కూర్చుంది. అడగకుండానే చెప్పుకొచ్చింది. పేరు శ్రీశైలమ్మ. కంభం దారిలో ఏటి ఒడ్డు ఊరు. గొల్లవాళ్లు. ఒక పగలు నడిచి, రాత్రికి ఊళ్లో తమ్ముడి వియ్యంకుల ఇంట్లో తల దాచుకుని వచ్చింది. వాళ్ల వంశంలో పెద్దన్న అని ఒకాయన, మందల మీద దొంగలు పడితే ఎదురు నిలబడి చచ్చిపోయాడు. ఎన్ని తరాల కిందటో ఎవరికీ తెలియదు. ఆయన రాయి ఏటి గట్టున ఉండేది. మొన్న ఏరు రెండోసారి పొంగినప్పుడు గట్టు కోసుకుపోయి రాయి ఇసుకలో పడిపోయింది. నీళ్లు తీసినాక వెతికితే కనిపించలేదు.

"బండి తోలినోడు చెప్పినాడు, కాలేజీ పిల్లకాయలొచ్చి ఎత్తుకపోయినారని. వాళ్లు దొంగలని నేనన్లా. దిక్కులేని రాయి అనుకోని ఉంటారు. మంచిగనే పెట్టినారా?"

సామ్యేలు చేత్తో మ్యూజియం గది చూపించాడు.

"గుడా?"

"మ్యూజియం."

"ఏందది?"

కొంచెంసేపు ఆలోచించాడు. "పాత వస్తువులు పెట్టే గది."

"మా పెద్దన్న పాతోడా? ఏటేటా పాలు తాగుతాడాయన." శ్రీశైలమ్మ లేచి తలుపు దగ్గరికి పోయింది. లక్క ముద్ర చూసి, రక్తం మరక అనుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది. "దీన్ని తియ్యి. ఒకసారి చూసుకుంటా. పాలు ఆదివారం పోస్తాలే."

"తియ్యకూడదమ్మా."

"ఎవురు తీస్తారు?"

"జనవరి మూడో తేదీ. కర్నూలు నుంచొచ్చి."

ఆమె వేళ్ల మీద ఏదో లెక్క వేసింది. మార్గశిరంలో పున్నమి ముందు ఆదివారం, పొద్దు కుంకేలోపల, కొత్తగా ఈనిన మేక పాలు పెద్దన్నకు పోయాలి. పోసేదాకా ఇంట్లో ఎవరూ కొత్త పాలు ముట్టరు. ఆ ఆదివారం దాటిపోతే మళ్లీ మార్గశిరం దాకా ముట్టరు.

"నా కోడలికి పాలు పడలా. నలభై రోజుల పిల్ల. జొన్న గంజి మీద తేట పోస్తా ఉన్నాం."

"బిడ్డకు పొయ్యొచ్చు గదమ్మా" అన్నాడు సామ్యేలు. అన్నాక, ఎందుకన్నానా అనుకున్నాడు.

"నా కొడుకూ నీ మాదిరే అన్నాడు. నేను కాపురానికొచ్చిన ఏడు మా అత్త అట్లనే పోసింది. మందలో సగం మాఘం దాకా నిలబళ్లా. నేను ఈ చేతుల్తో పూడ్చినా." ఆమె చేతులు చాపి చూపించి మళ్లీ ముడుచుకుంది. "నీళ్లిస్తావా?"

సామ్యేలు బావివైపు చూశాడు. "తాడు, బక్కెట్టు అక్కడున్నాయి." కొంచెం ఆగి, ఆమె ముఖం చూడకుండా, "నిన్న సాయంత్రం నేను చేదుకున్నానమ్మా దాంతో. నా పేరు సామ్యేలు" అన్నాడు.

శ్రీశైలమ్మకు అర్థమైంది. బావి గట్టు మీద చుట్టగా పడి ఉన్న తాడును చాలాసేపు చూసింది. మేక నాలుక బయటపెట్టి నిలబడి ఉంది.

"నీళ్లు కిందుంటాయి. తాడు పైనుంటుంది" అని, చెంగు బొడ్లో దోపుకుని పోయి చేదింది. మేకకు పోసింది, తను తాగింది. తర్వాత బక్కెట్టు ఎత్తి పట్టుకుని, "దా, పడతావా?" అంది. అతను వంగి దోసిలి పట్టాడు. పై నుంచి పోసింది.

ఆ పొద్దటి నుంచి సామ్యేలు మళ్లీ తాడు ముట్టలేదు.

*

శనివారం బాలయ్య వచ్చాడు. సైకిలు దిగకముందే క్రోటను మొక్కలు చూశాడు. గేటు నుంచి వరండాదాకా రెండు వరుసలు నాటించింది ఆఫీసరు నడిచి వచ్చే దారి కోసం. ఎడమ వరుసలో పుల్లలు మిగిలాయి.

"సామ్యేలూ! ఇదేంది?"

"మేక సార్."

"మేకని నాకూ తెలుసు! అడ్మిషన్ ఎవురిచ్చినారు దానికి?"

శ్రీశైలమ్మ రాత్రి పడుకున్న వరండా చివర నుంచి లేచి వచ్చింది. "నాయనా, నేను కట్టేసే ఉంచినా. పలుపు తెంపింది. చేదాకు కూడా తినేస్తాది, దానికి రుచి తెలవదు."

"ఈమె ఎవురు?"

సామ్యేలు చెప్పేలోపల ఆమే మొత్తం చెప్పింది. నిన్న చెప్పినదానికంటే వివరంగా చెప్పింది. బాలయ్య చెడ్డవాడు కాదు. గొడుగు మడిచి చంకలో పెట్టుకుని విన్నాడు. విన్నాక జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"చూడమ్మా. ఆ రాయి ఇప్పుడు మీది కాదు. కాలేజీ లెక్కలో ఎక్కింది. నంబరు కూడా వేసినారు. నలభై ఒకటి."

"మా పెద్దన్నకు నంబరా? జైల్లో పెట్టినారా ఏంది?"

బాలయ్యకు నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. "నవ్వులాట కాదు. సీలు నాది కాదు, ప్రిన్సిపాలు గారిది. ఆయన మెడ్రాసులో ఉన్నాడు. నువ్వు ఒక పని చెయ్యి. తలుపు ముందర పోసి దండం పెట్టుకొని పో. లోపల ఆయనకు తెలవకుండా పోతుందా?"

"తలుపుకెందుకు పోస్తా? తలుపేమన్నా మా మందను కాపాడిందా?"

"అయితే మూడో తేదీ తర్వాత రా."

"అప్పటికి ఆదివారం పోతాది నాయనా."

"మళ్లా ఆదివారం వస్తాది!"

"ఆ ఆదివారం రాదు."

బాలయ్య సామ్యేలును పక్కకు పిలిచాడు. తలుపు దగ్గరికి తీసుకుపోయి, వేలితో సీలు తడిమి చూశాడు. గొంతు తగ్గించాడు.

"సాయంత్రానికల్లా పంపించెయ్యి. ఈమె ఏడుస్తాది, నువ్వు మెత్తనోడివి. రేపు నేను రాను. సోమవారం పొద్దున్నే వస్తా. అప్పటికి ఆ మేక కనపడిందంటే దాంతోపాటు నిన్నూ తోలేస్తా. కాగితం మీద సంతకం ఒక్కటే తక్కువ సామ్యేలూ, గుర్తుపెట్టుకో."

"అట్లనే సార్."

బాలయ్య పోయాక సామ్యేలు శ్రీశైలమ్మ వైపు పోలేదు. పొయ్యి రాజేసి సంగటి కెలికాడు. ఒక ముద్ద ఆకులో పెట్టి, కొంచెం దూరంలో పెట్టి, తన పని తాను చూసుకున్నాడు. తిరిగి చూస్తే ముద్ద అలాగే ఉంది. శ్రీశైలమ్మ తన మూటలోంచి తెచ్చుకున్న రొట్టె తుంచుకుని తింటోంది. అతను ముద్ద తీసి మేకకు పెట్టాడు.

"అదైతే తింటాదిలే" అంది ఆమె. ఆ మాట అన్నందుకు ఆమెకే చిన్నతనం అనిపించిందేమో, కొంచెంసేపయ్యాక, "ఆ సైకిలాయన నన్ను పొమ్మన్నాడు గదా. చెప్పవేంది?" అంది.

"విన్నావు గదమ్మా."

"నువ్వు చెప్పలా."

సామ్యేలు పొయ్యిలో పుల్ల ముందుకు తోశాడు. చెప్పలేదు.

*

ఆదివారం క్రిస్మస్. తెల్లవారక ముందే ఊళ్లో చర్చి గంట మొదలైంది. గాలి ఇటే ఉండడంతో పాట కూడా వచ్చింది, మాటలు తెలియకుండా. సామ్యేలు శ్రీశైలమ్మ చేది పోసిన నీళ్లతో తలస్నానం చేసి తెల్లచొక్కా వేసుకున్నాడు. భార్య మార్తమ్మ ఉన్నప్పుడు కుట్టించిన చొక్కా అది. భుజాల దగ్గర వదులైంది. గేటుదాకా పోయి నిలబడ్డాడు. కొత్త బట్టలు కట్టుకున్న వాళ్లు గుంపుగా రోడ్డు మీద పోతూ, "వందనాలన్నా, రావా?" అని అడిగారు. చెయ్యి ఎత్తాడు. వాళ్లు మలుపు తిరిగేదాకా చూసి వెనక్కి వచ్చాడు.

"మీ పండగంట గదా ఈపొద్దు" అంది శ్రీశైలమ్మ. నీళ్లు చేదుతోంది.

"అవును."

"పోవా?"

"గేటు దాటొద్దన్నారు."

ఆమె బక్కెట్టు గట్టు మీద పెట్టి అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "నీకు కూడా సీలేసినారా తమ్ముడా?"

సామ్యేలు నవ్వాడు. నవ్వు అతని ముఖానికి కొత్తగా ఉంది. వెంటనే సర్దుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక ఆమె మేకను కడిగింది. పొదుగు తుడిచింది. పిల్లను రెండు గుక్కలు తాగనిచ్చి, పక్కకు లాగి, కొత్త ముంతలోకి పితికింది. నురగ పైకొచ్చింది. ముంత తీసుకుపోయి మ్యూజియం తలుపు ముందు పెట్టి, పక్కన చతికిలబడింది. తలుపు తియ్యమని అడగలేదు. ఏడవలేదు. ఏడుస్తుందని బాలయ్య అన్నాడు కానీ ఏడవలేదు. ఎండ వరండా స్తంభాల మధ్య నుంచి లోపలికి పాకుతూ ఆమె పాదాల మీదికి వచ్చింది. నురగ చల్లారి పాలు ముంతలో కిందికి దిగాయి. చీమలు ఒక వరుసగా గోడ దిగి ముంతదాకా వచ్చాయి. ఆమె వాటిని చంపకుండా, ముంతను జానెడు పక్కకు జరిపింది. కొంచెంసేపటికి చీమలు వరుస మార్చుకుని అక్కడికీ వచ్చాయి. మళ్లీ జరిపింది.

సామ్యేలు స్తంభానికి ఆనుకుని నిలబడి నాలుగుసార్లు అది చూశాడు. అయిదోసారి ఆమె ముంతను జరపలేదు. ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో మూసి, పొద్దు వైపు చూసింది.

అతను గదిలోకి పోయి తాళంచెవి తెచ్చాడు. బొటనవేలితో లక్కను నొక్కాడు. చెనక్కాయ ఒలిచినట్టు చిన్న చప్పుడైంది, అంతే. ముక్కలు రెండు కింద పడ్డాయి. ఇంత సులభంగా పోతుందని అతను అనుకోలేదు.

లోపల కొత్త సున్నం వాసన. చిరుతపులి తోలు గోడ మీద నోరు తెరుచుకుని ఉంది. శ్రీశైలమ్మ దాన్ని పట్టించుకోలేదు. నేరుగా పోయింది. కిటికీ కింద బల్ల మీద, గోడకు చేర్చి, మోకాలెత్తు రాయి. కత్తి ఎత్తిన మనిషి. అతని రొమ్ము మీద తెల్లకాగితం, దాని మీద అంకె. పాదాల దగ్గర ఇంకేదో చిన్న రూపం, ఏటి బురద ఎండి అట్టకట్టి ఉంది.

"ఎట్ల పెట్టినారో చూడు, సంతలో బొమ్మ మాదిరి" అని, ఆమె గోటితో కాగితం అంచు లేపి, ఊడదీసి, అతనికి ఇచ్చింది. "ఆ చీటీ ఏంది, కింద ఉండేది?"

రాయి ముందు నిలబెట్టిన అట్ట అది. హిస్టరీ మేష్టారి చేతిరాత. సామ్యేలు మూడో క్లాసు దాకా చదివాడు, మిషన్ బడిలో, నలభై ఏళ్ల కిందట. వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు.

"వీరశిల. గుండ్లకమ్మ యిసుకలో లభించినది. వీరుడు. పాదముల చెంత... అతని... వేట... కుక్క."

"ఏంది?"

"కుక్క అని రాసినారు."

"ఎవుర్ని?"

సామ్యేలు కింది రూపం మీద వేలు పెట్టాడు.

"ఆయన కుక్కా?" అంది. "పెద్దన్న కొట్లాడతా ఉంటే మందను మొత్తం ఇంటికి తోలింది ఆయన. తోలి, దొడ్లో పెట్టి, మళ్లా ఎనక్కి పోయినాడు. ఎవురూ పొమ్మన్లా. పోకుంటే బతికేవాడు. మా ముసలోళ్లు ఆయనకు పేరు చెప్పరు. వెంట పోయినాయన అంటారు." ఆమె సామ్యేలు వైపు చూసి, చూపు తిప్పుకుంది. "మీ వాళ్లే."

అతను అట్టను పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఈడ పోయకూడదు. నేల తగలాల రాయికి. ఎత్తు."

"నేనా?"

"ఇంకెవురున్నారు? నేనొక్కదాన్నే ఎత్తితే పడేస్తా."

గోనెసంచి తెచ్చి రాయి కింద పరిచారు. ఒక కొస ఆమె పట్టుకుంది, ఒక కొస అతను. రాయి చూసినదానికంటే బరువుంది. గడప దగ్గర ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. వరండా మెట్లు దిగేటప్పుడు అతను ముందు నడిచి బరువంతా తన మీద తీసుకున్నాడు. తెల్లచొక్కా ముందరంతా మట్టి అయింది. పొద్దుకు ఎదురుగా, నేల మీద నిలబెట్టారు. ఆమె నీళ్లు చేది రాయిని కడిగింది. పైనంతా కడిగింది. కింది బురద అంత తేలిగ్గా పోలేదు.

సామ్యేలు ఒక పుల్ల విరిచి, కూర్చుని, తీయడం మొదలుపెట్టాడు. మొదట వెనక తోకలా ఉన్నదాన్ని గీకాడు. బురద రాలాక అది నిటారుగా వచ్చింది, భుజం మీదుగా పోయింది. చేతికర్ర. చెవుల్లా ఉన్నవి తలగుడ్డ కొసలు. ముందుకాళ్లు అనుకున్నవి ముడుకుల మీద ఆనించిన చేతులు. ముఖం అరిగిపోయింది. కళ్లు ఉండాల్సిన చోట రెండు గుంటలు మాత్రం ఉన్నాయి. వాటిలో ఇసుక ఉంటే పుల్ల వద్దనుకుని, చిటికెనవేలి గోటితో తీశాడు. తీసి, పైగుడ్డతో తుడిచాడు. రొట్టె కాల్చే పెనమంత కూడా లేడు ఆ మనిషి. ముడుకుల మీద కూర్చుని ఎదురుగా చూస్తున్నాడు.

శ్రీశైలమ్మ పెద్దన్న నెత్తిన పాలు పోసింది. ఏదో గొణుక్కుంది. సగం ముంత ఉండగానే ఆపేసింది.

"ముందర మీ వాళ్లెవురో ఒకరు వచ్చి ఈయనకు పోసేవాళ్లు. మా ఊరి మాలపల్లె వాళ్లు మతంలో కలిసినాక మానుకున్నారు. పదేండ్లయింది. పైన పోసినవి జారితే ఈయనకు. అంతే." ముంత చాపింది. "నిన్ను పొయ్యమని నేనన్లా. నీకిష్టముంటేనే."

సామ్యేలు ముంత తీసుకోలేదు. ఊళ్లో మళ్లీ గంట మోగుతోంది.

"ఈయన దేవుడామ్మా?"

"కాదు. పెద్దన్న దేవుడు. ఈయన వెంట పోయినాయన."

"అయితే సరే" అన్నాడు.

రెండు చేతులతో ముంత పట్టుకున్నాడు. వంచాడు. పాలు తలగుడ్డ మీద పడి, కళ్ల గుంటలు నిండి, ముడుకుల మీదుగా నేలలోకి పోయాయి. ఒక్క చుక్క పక్కకు పోకుండా పోశాడు. దండం పెట్టలేదు. ముంత తిరిగి ఇచ్చాడు. అడుగున మిగిలినవి పోసినవాళ్లే తాగాలని ఆమె అతని దోసిట్లో కొంచెం పోసింది, తను ఒక గుక్క తాగింది.

రాయిని మళ్లీ లోపలికి చేర్చేసరికి పొద్దు కొండల వెనక్కి పోతోంది. శ్రీశైలమ్మ పిల్లను గంపలో పెట్టుకుంది. ముంత అక్కడే వదిలేసి పోతుందని సామ్యేలు అనుకున్నాడు. ఆమె దాన్ని కడిగి, చెంగుతో తుడిచి, గంపలో పిల్ల పక్కన పెట్టుకుంది.

గడప దగ్గర లక్క ముక్కలు కనిపించాయి ఆమెకు. వంగి ఒకటి తీసి చూసింది.

"దీనికి నిన్నేమన్నా అంటారా తమ్ముడా?"

"అంటారు."

"ఏమంటారు?"

"నువ్వు పో అక్కా. చీకటి పడతాది. బిడ్డ చూస్తా ఉంటాది."

ఆమె లక్క ముక్క అతని చేతిలో పెట్టింది. గేటుదాకా వెనక్కి తిరిగి చూస్తూ పోయింది. తర్వాత మేక మెడగంట చప్పుడు, తర్వాత అదీ లేదు.

సామ్యేలు రెండు ముక్కలూ కలిపి చూశాడు. అతుకు సరిగ్గా కుదిరింది. కొవ్వొత్తి సెగ తగిలిస్తే కరిగి పట్టుకుంటుంది. బాలయ్యకు దగ్గరి చూపు తక్కువ. నొక్కడానికి నాణెం చాలు. అతను వాటిని చాలాసేపు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు.

*

సోమవారం తెల్లవారింది. సామ్యేలు లక్క ముక్కలు పొయ్యిలో వేసి, పొయ్యిలోంచి ఒక బొగ్గు తీసుకున్నాడు. మ్యూజియం తలుపు పక్కన కొత్తగా సున్నం కొట్టిన గోడ దగ్గరికి పోయాడు. అంత పెద్ద గోడ మీద ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, తన కళ్లెత్తులో మొదలుపెట్టాడు. రాయడం అతనికి చదవడంకంటే కష్టం. ఒక్కో అక్షరం జానెడు వచ్చింది. 'సీలు నేను తీసినాను' అని రాసేసరికి బొగ్గు సగం అరిగింది. కింద 'రాతిలో ఉండేది కుక్క కాదు, మనిషి' అని రాశాడు. గోడ మూల వచ్చి మనిషి అనే మాటకు చోటు చాలక కిందికి దిగి, మోకాళ్ల మీద కూర్చుని రాశాడు. ఆ కింద తన పేరు, పేరు పక్కన వాచ్‌మన్ అని.

లేచి, రెండడుగులు వెనక్కి వచ్చి చూసుకున్నాడు. వంకరగా ఉంది కానీ తెలుస్తోంది. తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచాడు. చేతులు కడుక్కుని, మట్టి అయిన తెల్లచొక్కానే మళ్లీ వేసుకుని, బాలయ్య వచ్చేదాకా గడప మీద కూర్చున్నాడు.